వాదమర్యాద - సాక్ష్యం: ‘గోలకొండ కవుల సంచిక’ పునఃపరిశీలన

1. ఉపోద్ఘాతం:
భారతీయ న్యాయశాస్త్రం చర్చను వాదం, జల్పం, వితండం అని మూడు విధాలుగా విభజించింది. ప్రమాణాల ఆధారంగా సత్యనిర్ణయం కోసం సాగేది వాదం. గెలుపే ధ్యేయంగా సాగేది జల్పం. తన పక్షమేదో స్థాపించకుండా ఎదుటి పక్షాన్ని ఖండించడంతోనే సరిపెట్టుకొనేది వితండం. ప్రాంతీయ సాహిత్య చరిత్రలపై నేడు అంతర్జాలంలో సాగుతున్న చర్చల్లో మొదటిది అరుదుగాను, తక్కిన రెండూ తరచుగాను కనిపిస్తున్నాయి. ఈ నేపథ్యంలో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 1934లో వెలువడిన ‘గోలకొండ కవుల సంచిక’ను ఒక వాదంగా చదివి, దాని బలాన్నీ పరిమితినీ నిర్ణయించడం ఈ వ్యాస లక్ష్యం.

2. పూర్వపక్షం - సమాధానం:
నిజాం రాష్ట్రంలో ఆంధ్రకవులు పూజ్యమన్న ముడుంబ వేంకట రాఘవాచార్యుల వ్యాఖ్య ఈ సంచికకు ప్రేరణ అన్నది సాహిత్య చరిత్రలో సుప్రసిద్ధం. ఒక ప్రాంతపు సాహిత్య అస్తిత్వాన్నే సున్నగా లెక్కించిన మాట అది. దానికి ఆగ్రహం కలగడం సహజం. 1926లో ప్రారంభమైన గోలకొండ పత్రిక అప్పటికే సురవరం చేతిలో ఉంది. నిందకు నింద బదులివ్వదలిస్తే వేదిక కొరత లేదు. అయినా చరిత్రలో నిలిచిన సమాధానం 354 మంది కవుల రచనలతో కూడిన ఒక గ్రంథం.

ఈ పద్ధతిలో గమనించదగిన అంశాలు మూడు. మొదటిది, పూర్వపక్షాన్ని వక్రీకరించకుండా, అది ఏమన్నదో దానికే జవాబు చెప్పడం. రెండవది, వ్యక్తిని వదిలి వ్యాఖ్యను పరీక్షించడం. మూడవది, పాఠకుడు స్వయంగా సరిచూసుకోగల ఆధారాన్ని అతని ముందుంచడం. వాదమర్యాదను మృదుభాషణంగా మాత్రమే అర్థం చేసుకొంటే ఈ మూడవ అంశం మన దృష్టికి రాదు. ఆధారాన్ని అందించడమంటే ప్రత్యర్థి వివేకాన్ని గౌరవించడమే.

3. సంఖ్య పరిమితి:
‘కవులు లేరు’ అన్న మాటను ఖండించడానికి కవుల ఉనికిని చూపితే చాలు. సంచిక ఆ పనిని సంపూర్ణంగా చేసింది. అయితే 354 అన్న సంఖ్య ఉనికిని నిరూపిస్తుందే తప్ప కావ్యగుణాన్ని నిరూపించదు. గుణనిర్ణయానికి ఒక్కొక్క పద్యాన్నీ చదవవలసిందే. నేటి ప్రసంగాల్లోనూ పరిశోధన వ్యాసాల్లోనూ ఈ సంఖ్య పదేపదే వినిపిస్తుంది. సంచికలోని ఒక్క కవి రచననైనా విశ్లేషించే ప్రయత్నం మాత్రం అంతగా కనిపించదు. వాదంగా పుట్టిన గ్రంథాన్ని మనం జల్పానికి ఆయుధంగా మార్చుకొన్నాం.

మరొక పరిమితి కూడా ఉంది. ‘కవి’ అంటే ప్రధానంగా పద్యకవి అన్న ప్రత్యర్థి కొలతనే సమాధానం కూడా అంగీకరించింది. బతుకమ్మ పాట, ఒగ్గుకథ వంటి మౌఖిక సంపద ఆ లెక్కలోకి రాలేదు. ఎదుటివారి ప్రశ్నకు జవాబిస్తూ, ఆ ప్రశ్నలోని నిర్వచనాన్ని కూడా పరీక్షించడం వాదంలో తదుపరి మెట్టు.

4. కురిక్యాల శాసనం - ఒక పోలిక:
సాక్ష్యానికి మించి వాదించే ధోరణికి మల్యాలకు చేరువలోనే మరో ఉదాహరణ ఉంది. గంగాధర మండలం కురిక్యాల వద్ద బొమ్మలమ్మగుట్టపై ఉన్న 10వ శతాబ్ది శాసనాన్ని పంపకవి సోదరుడు జినవల్లభుడు వేయించాడు. సంస్కృత, కన్నడ భాషలతో పాటు అందులో మూడు తెలుగు కందపద్యాలున్నాయి. వేములవాడ చాళుక్యుల కాలంలో, నన్నయకు ముందే, ఈ ప్రాంతంలో తెలుగు కందం నడిచిందని ఇది నిస్సందేహంగా చెబుతుంది. కాని మూడు పద్యాల శాసనం కావ్యరచనకు సాక్ష్యం కాదు. ‘నన్నయ ఆదికవి కాడు’ అని దీనితోనే తీర్పు చెప్పేవారూ, ‘శాసన పద్యాలకు విలువేముంది’ అని తోసిపుచ్చేవారూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఇరువురూ ఆ శిల చెప్పినంత మేరకు వినడం లేదు.

5. ముగింపు:
ప్రత్యర్థి తనదేనని ఒప్పుకొనే రీతిలో పూర్వపక్షాన్ని చెప్పడం, పరిశీలనకు నిలిచే ఆధారాన్ని చూపడం, ఆ ఆధారం ఆగిన చోట వాదాన్ని ఆపడం. ఈ మూడూ వాదమర్యాదకు మూలసూత్రాలు. మొదటి రెండింటికీ సురవరం కృషి నమూనాగా నిలిచింది. మూడవది నేటి పరిశోధకుల బాధ్యత. తెలంగాణ సాహిత్యంపై సిద్ధాంతవ్యాసం రాసే విద్యార్థి 354 అన్న అంకెను ఉటంకించే ముందు సంచికలోని కొందరు కవులనైనా చదివి, వారి పద్యాల గుణదోషాలను నిర్భయంగా చర్చించాలి. సంచిక ప్రారంభించిన వాదం అప్పుడే ముందుకు సాగుతుంది.