ప్రేక్షకుడు అడుగు పెట్టిన తరువాత

కావ్యానికి పాఠకుడు, నాట్యానికి ప్రేక్షకుడు అవసరమని మన ఆలంకారికులు ఏనాడో చెప్పినారు. అయితే ప్రేక్షకుడు నడుమ లేచి ఇంటికి పోయినా నాటకం చివరి అంకం వరకు సాగుతుంది. పుస్తకం మూసివేసినా పద్యం పద్యంగానే ఉంటుంది. ప్రేక్షకుడు వచ్చి ఎదుట నిలిస్తే తప్ప ఆరంభమే కాని కళ ఒకటి గత అయిదు దశాబ్దాలకు పైగా పెరుగుతూ వచ్చినది. కెమెరా, సెన్సరు, కంప్యూటరు, ప్రొజెక్టరు దాని పనిముట్లు. చూచేవాని శరీరమే దాని ముడిసరుకు. దీనిని స్పందనశీలమైన డిజిటల్ కళ అనవచ్చును. దీనిని గూర్చి నేడు మన నగరాలలో ప్రసంగాలు, కార్యశాలలు జరుగుతున్నవి. సాహిత్య విమర్శకునికి అక్కడ ఏమి పని అని అడిగేవారున్నారు. పని ఉన్నదనియే ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన మాట.

ఈ కళ మొదటినుండి సభలలోను, పనిశాలలలోను పుట్టినదే. 1966 అక్టోబరులో న్యూయార్కు నగరంలోని ఒక పాత ఆయుధశాలలో పదిమంది కళాకారులు, బెల్ ప్రయోగశాలకు చెందిన సుమారు ముప్ఫైమంది ఇంజనీర్లు కలసి తొమ్మిది రాత్రులు ప్రదర్శనలిచ్చినారు. వారికి నాయకులు చిత్రకారుడు రాబర్ట్ రాషెన్‌బర్గ్, ఇంజనీరు బిల్లీ క్లూవర్. మన దేశం ఇందులో వెనుకబడి లేదు. 1969లో అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో, అమెరికన్ సంగీతజ్ఞుడు డేవిడ్ ట్యూడర్ సహాయంతో, మూగ్ సింథసైజరు గల సంగీతశాల ఏర్పడినది. గీతా సారాభాయి, ఐ. ఎస్. మాథుర్, అతుల్ దేశాయి ప్రభృతులు 1972 వరకు అక్కడ చేసిన రచనలు టేపులలోనే అణగి ఉండి, 2023లో గాని సంపుటంగా వెలుగు చూడలేదు. అదే 1969లో బొంబాయిలో చిత్రకారుడు అక్బర్ పదమ్‌సీ తనకు లభించిన నెహ్రూ ఫెలోషిప్పు ధనంతో విజన్ ఎక్స్ఛేంజ్ వర్క్‌షాపును నెలకొల్పినాడు. నళినీ మలానీ తొలినాటి చలనచిత్ర ప్రయోగాలు అక్కడివే. అక్కడ పదమ్‌సీ తీసిన రెండు చిత్రాలలో ఒకదాని ప్రతి పోయినది. పనిశాలలో పుట్టిన కృతిని వ్రాసి ఉంచే విమర్శకుడు లేకపోతే, కృతితోపాటు దాని జ్ఞాపకం కూడ పోతుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ప్రసంగానికి, కార్యశాలకు భేదమున్నది. ప్రసంగంలో కళాకారుడు తన కృతి చక్కగా నడిచిన రెండు నిమిషాల చలనచిత్రాన్ని చూపుతాడు. తన సంకల్పాన్ని చెబుతాడు. మనము సంకల్పాన్ని విని, కృతిని చూచినామని భ్రమపడతాము. పీఠిక చదివి కావ్యం చదివినామనుకోవడం వంటిదే ఇది. కార్యశాలలో ఈ భ్రమ తొలగుతుంది. అక్కడ కెమెరాకు మనిషి కనబడడు. వెలుతురు, చీకటి మాత్రమే కనబడతాయి. ఎంత చీకటిని మనిషిగా లెక్కించవలెనో ఒక అంకె వేసి చెప్పవలెను. ఆ అంకెను కొంచెము జరిపితే తెల్లచొక్కా తొడిగినవాడు గోడలో కలసిపోతాడు. ఎవరు ప్రేక్షకుడో నిర్ణయించే అధికారం ఆ అంకెలో ఉన్నదని ప్రసంగంలో ఎవరును చెప్పరు. కార్యశాలలో వ్రేలు చెబుతుంది.

ఈ కళలో సాహిత్యానికి అతి సమీపమైన కృతి ‘టెక్స్ట్ రెయిన్’. 1999లో కమీల్ అటర్‌బ్యాక్, రోమీ అకిటూవ్ అనే ఇద్దరు దీనిని నిర్మించినారు. ఎదుటి తెరమీద మన ప్రతిబింబం నలుపు తెలుపులలో కనబడుతుంది. పైనుండి అక్షరాలు వానగా కురుస్తాయి. చేయి చాస్తే చేతిమీద నిలుస్తాయి. చేయి తీస్తే జారిపోతాయి. చాలినన్ని అక్షరాలు చేతిమీద నిలిస్తే ఒక మాటో, ఒక పాదమో చదవవచ్చును. ఆ అక్షరాలు శరీరాన్ని, భాషను గూర్చిన ఒక కవితలోనివి. దీనిని చూచినవారందరూ ఆనందిస్తారు. కాని వారి ఆనందం దేనివలన కలిగినది? కవిత వలననా, తమ ప్రతిబింబం వలననా?

ఈ ప్రశ్నకు మన శాస్త్రంలో పూర్వమే చోటున్నది. రసానుభవానికి కలిగే విఘ్నాలు ఏడింటిని అభినవగుప్తుడు లెక్కించినాడు. వాటిలో ఒకటి, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడై ఉండడం. ఇంటి బెంగను వెంటబెట్టుకొని వచ్చినవానికి రంగస్థలం మీది శోకం కరుణరసం కాదు. దీనికి విరుగుడుగానే గానవాద్యాదులు, రంగశాలాలంకారము ఏర్పడినవని ఆయన అభిప్రాయం. స్పందనశీల కళ చేసేది సరిగా దీనికి విరుద్ధము. ప్రేక్షకుని ముఖాన్నే తెచ్చి అతని ఎదుట పెడుతుంది. విఘ్నాన్నే ఉపకరణంగా చేసుకొన్న ఈ కళకు రసం సాధ్యమా? అద్దంలో చూచుకొని మురిసే పిల్లవాని సంతోషంతోనే ఇది ఆగిపోతుందా? విమర్శకుడు ఇక్కడ నిలిచి తేల్చుకోవలసిన విషయమిది.

సాధ్యమేనని చెప్పడానికి రెండు కృతులు చాలును. శిల్పా గుప్తా 2007లో చేసిన ‘షాడో 3’లో తెరమీద కనబడేది ముఖం కాదు, నీడ. మనకు తోలుబొమ్మలాట ఎరుకే గనుక, తెరమీది నీడ మాట్లాడగలదని ఒకరు చెప్పనక్కరలేదు. ఆమె తెరమీద పైనుండి జారివచ్చే వస్తువులు మన నీడను అంటుకొంటాయి. మొదట ఆటగా ఉంటుంది. క్రమంగా అవి పోగుపడతాయి, విదిలించుకొన్నా వదలవు. ‘టెక్స్ట్ రెయిన్’లో చేయి తీస్తే అక్షరం జారిపోతుంది, ఇక్కడ పడినది భారమై నిలుస్తుంది. పాల్గొనడమే స్వేచ్ఛ అనే మాటను ఈ కృతి ప్రేక్షకుని చేతనే ఖండింపజేస్తుంది. పైగా నీడకు పేరులేదు, ముఖము లేదు. నాది అనుకొన్న నీడ ప్రక్కవాని నీడతో కలసి, ఎవరిదీ కాని నీడగా మారుతుంది. భట్టనాయకుడు సాధారణీకరణమన్నది ఇటువంటి మార్పునే.

రెండవది రఫాయెల్ లొసానో-హెమ్మర్ 2006లో కూర్చిన ‘పల్స్ రూమ్’. గది కప్పునుండి వందలకొద్ది విద్యుద్దీపాలు వ్రేలాడుతుంటాయి. పరికరాన్ని చేతులతో పట్టుకొంటే, మన గుండె కొట్టుకొనే లయలో ఒక దీపం మినుకుమంటుంది. చేయి వదలితే ఆ లయ దీపాల వరుసలో చేరుతుంది. తరువాతివాడు వచ్చినప్పుడు ఒక దీపం ముందుకు జరుగుతుంది. అలా జరిగి జరిగి చివరికి వరుసనుండి మాయమవుతుంది. నా గుండె నాకంటె ముందువారి, వెనుకవారి గుండెల నడుమ ఒక దీపమై, తుదకు లేకుండా పోవడం చూచినవానికి మరణాన్ని గూర్చి ఉపన్యాసం అక్కరలేదు. సొంతమైనది సర్వసామాన్యమైన చోటనే ఈ కళ ఆట స్థాయిని దాటుతున్నది.

ఇక మన భాష సంగతి. కార్యశాలలలో కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో ప్రారంభించిన ‘ప్రాసెసింగ్’ వంటి సాధనాలతో, అక్షరాల వానను పోలిన అభ్యాసాలు చేయవచ్చును. ఇంగ్లీషు మాటను విడదీస్తే అక్షరాలు వస్తాయి. ‘స్త్రీ’ అనే తెలుగు మాటను అదే సూత్రంతో విడదీసి చూడండి. ఛందస్సులో అది ఒకే అక్షరం, ఒక గురువు. యంత్రానికి అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వాన కురిసినప్పుడు గుడిదీర్ఘం తనను మోసే హల్లు లేక, చుక్కల వలయాన్ని పట్టుకొని ఒంటరిగా రాలుతుంది. ఒత్తు ఒత్తు కాక విడిపోతుంది. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1 కూర్పులో, తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను ఒకే ఘటకంగా నిలిపే నియమాన్ని చేర్చినారు. అయినను దానిని అనుసరించే ఉపకరణాన్ని వాడవలెనని అభ్యాసకునికి తెలిసి ఉండవలెను. అక్షరమంటే ఏమిటో చెప్పగలవాడు ఆ గదిలో లేకపోతే, రాలిన ముక్కలనే కొత్త సౌందర్యమని పొగడడం జరుగుతుంది. తెలిసి విరిచినది ప్రయోగం. తెలియక విరిగినది పొరపాటు. ఈ రెంటి భేదం చెప్పవలసినవాడు ఛందస్సు తెలిసిన విమర్శకుడే.

యంత్రపు లోతులు మనకు తెలియవని సాహిత్యపరులు జంకడం సహజం. కాని వీణ చేయడం రానివారు కూడ అపస్వరాన్ని గుర్తించినారు. ప్రసంగానికి పోయి, ‘మీ సంకల్పం విన్నాము, ప్రేక్షకునికి మిగిలేది ఏమిటి?’ అని అడగవలెను. కార్యశాలకు పోయి, ‘ఈ అంకెకు ఎవరు కనబడరు?’ అని అడగవలెను. ఈ రెండు ప్రశ్నలును అడిగేవారు లేనిచోట, పాల్గొన్నవారి సంఖ్యయే విలువగా చలామణి అవుతుంది. పూర్వం సహృదయుడంటే కదలక కూర్చొని హృదయంతో కదలినవాడు. నేడు చేయి చాచడం అందరికీ సులభమైనది. చాచిన చేతిలో ఏమి నిలిచినదో చూచుకొనేవాడే నేటి సహృదయుడు.