చేతులు చెప్పే సాక్ష్యం

అమర్ కన్వర్ ‘ది లైట్నింగ్ టెస్టిమనీస్’ (2007) ఎనిమిది తెరల వీడియో. ఆడవాళ్ల మీద జరిగిన హింసకు సాక్ష్యాలవి. అందులో మణిపురి నటి సావిత్రి హైస్నం ఉంది. మహాశ్వేతాదేవి కథలోని సంతాల్ ఆడబిడ్డ దోప్దిని 2000లో కన్హైలాల్ నాటకంలో ఆడిన మనిషి. నాలుగేళ్లకు ఇంఫాల్‌లో కాంగ్లా కోట ముందు తల్లులు నిజంగానే బట్టలు విప్పి నిలబడ్డారు. మాట ఆగినచోట ఒళ్లు మాట్లాడటమంటే అదే.

ఎనిమిది తెరలూ ఒకేసారి నడిస్తే ఏదో ఒకటి తప్పిపోతుంది. గ్యాలరీలో సరే, తండా బడికి ఒక్క తెర చాలు.

2024లో లగచర్ల దగ్గరి తండాల ఆడవాళ్లు ఢిల్లీ పోయి గోడు చెప్పుకున్నారు. వికారాబాద్, తాండూరు బస్సుల్లో మనం ఫోన్లలో చూసింది నిమిషం ముక్కలే. గోర్‌బోలీకి సొంత లిపి లేదు. మన యాడీలు చెయ్యి కదపకుండా ఒక్క మాటా చెప్పరు. వీడియో తీసే పిల్లలు ముఖం మీదికే జూమ్ చేయొద్దు, చేతుల్ని కూడా రానివ్వాలి.