కబురూ ఖబరూ

ఉర్దూలో 'ఖబర్' అంటే వార్త. తెలుగు నోట అది 'కబురు' అయింది, నిఘంటువెక్కింది. ఎవరూ తప్పనలేదు. అదే ఉర్దూలో సమాధికున్న మాట గొంతు లోతునుంచి పలికే 'క'తో మొదలవుతుంది. దక్కనీ మాట్లాడే మా నోట ఆ 'క' 'ఖ' అవుతుంది. బెజవాడ వించిపేటలోనైనా, ఒకనాటి గోల్కొండ రేవు బందరులోనైనా సమాధీ 'ఖబరే', వార్తా 'ఖబరే'. జనాజా వెంట నడిచేవాళ్ళెవరూ దాన్ని వార్త అనుకోరు. లక్నో ఉర్దూకి అలవాటుపడ్డ చెవి మాత్రం తడబడుతుంది. తడబాటు చెవిది. నింద నోటికి.

తెలుగులోనూ ఇదే తంతు. కృష్ణా, గుంటూరు చదువరుల పలుకుబడి ప్రమాణమైంది. 1948లో మొదలైన విజయవాడ రేడియో దాన్ని ఊరూరా వినిపించింది. అదే కృష్ణ ఒడ్డున, ఇరుగుపొరుగు తెలుగే మాట్లాడే ముస్లింకి మన సినిమాలు 'నీకీ', 'నాకీ' అనే వంకర తెలుగు అంటగట్టాయి. ప్రేక్షకుడి చెవి దానికే మరిగింది. అందుకే మా మామూలు తెలుగు వినగానే 'భలే మాట్లాడతారే!' అంటారు. మెచ్చుకోలు వేషంలో వచ్చే పరాయితనం అది.

చెవి మారనిదేం కాదు. 2004లో క్లార్క్, గారెట్ అనే పరిశోధకులు ప్రకటించిన ప్రయోగాల్లో, పరాయి యాసలో ఇంగ్లీషు విన్నవాళ్ళు మాటలు పోల్చుకోవడంలో మొదట వెనకబడ్డారు. నిమిషంలోపే ఆ లోటు తగ్గింది. నాలుగు వందల ఏళ్ళుగా పక్కింట్లో ఉన్నవాళ్ళం. మా మాట దిద్దబోయే ముందు ఆ ఒక్క నిమిషం వినండి.