జ్ఞాపకశక్తికి ఇంటర్నెట్టు శత్రువా?

ఇంజనీరింగు విద్యార్థులు మొదటి సంవత్సరంలో నేర్చిన మూల సూత్రాలను మూడవ సంవత్సరానికే మరచిపోతున్నారనీ, దీనికి ఇంటర్నెట్టే కారణమనీ అధ్యాపకులు తరచు అంటూ ఉంటారు. ఈ మాటకు ఆధారంగా చూపేది 2011లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన స్పారో, లియు, వెగ్నర్‌ల పరిశోధన. దాని విలువ ఎంతో పరిశీలించవలసి ఉన్నది.

అందులోని ఒక ప్రయోగంలో పాల్గొన్నవారు 40 చిన్న వాక్యాలను చదివి కంప్యూటరులో టైపు చేశారు. కంప్యూటరు వాటిని భద్రపరుస్తుందని నమ్మినవారికి, చెరిపివేస్తుందని నమ్మినవారికంటె తక్కువ వాక్యాలు గుర్తున్నాయి. ప్రయోగం చక్కనిదే. కాని ఆ వాక్యాలు ఒకదానితో ఒకటి పొత్తు లేని విడి సంగతులు. శాస్త్రానికి పునాదులైన సూత్రాలు అటువంటివి కావు. పైగా ఆ పత్రంలోని మరొక ప్రయోగాన్ని ఇతర శాస్త్రజ్ఞులు తిరిగి చేయగా, మొదటి ఫలితం రాలేదని 2018లో ప్రకటించారు. కనుక నేరమంతా ఇంటర్నెట్టు మీద మోపడానికి ఈ సాక్ష్యం చాలదు.

అట్లని, “అన్నీ ఇంటర్నెట్టులో ఉండగా గుర్తుంచుకోవడమెందుకు?” అనే వాదమూ నిలవదు. రెండు కొసల ఆనుకొని, నడుమ బరువు మోసే దూలాన్ని తీసుకుందాం. దాని సొంత బరువును విడిచి చూస్తే, నడుమ కుంగుదల పొడవు యొక్క ఘనానికి అనుపాతంలో ఉంటుంది. తక్కినవేవీ మారకుండా పొడవు రెట్టింపైతే కుంగుదల 8 రెట్లవుతుంది. ఈ సంగతి మనసులో ఉన్న విద్యార్థి, కంప్యూటరు లెక్క 2 రెట్లని చూపగానే పొరపాటును పసిగడతాడు. లేనివాడు ఆ అంకెనే నమ్ముతాడు. అనుమానమే పుట్టనివాడు ఇంటర్నెట్టులో దేనిని వెదకుతాడు? రేపు ఆ దూలం క్రింద నడిచేవారు మనుషులు!

మరి మరపుకు మందేమిటి? 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో కొందరు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, పిమ్మట చూడకుండా గుర్తున్నది వ్రాశారు. 5 నిమిషాల తరువాత మొదటివారికి 81 శాతం, రెండవవారికి 75 శాతం గుర్తున్నది. వారం గడిచాక లెక్క తారుమారైంది: మొదటివారికి 42, రెండవవారికి 56. మళ్లీ మళ్లీ చదివినందువల్ల కలిగే ధీమా ఎంత మోసకరమో ఈ అంకెలే చెబుతున్నాయి.

అది వచన పాఠాలకే గాని ఇంజనీరింగుకు వర్తించదని ఎవరైనా అనవచ్చు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు విద్యార్థులపై జరిగిన పరిశోధన 2014లో వెలువడింది. పాత అంశాలపై లెక్కలను వారాల తరబడి విడతలుగా ఇచ్చి, తప్పొప్పులను తప్పక చూసుకొనేటట్లు చేయగా, పరీక్షలలో ఫలితాలు మెరుగయ్యాయి. ఆ లెక్కలను కంప్యూటరు ద్వారానే ఇచ్చారు!

కాబట్టి లోపం సాధనంలో కంటె బోధనా పద్ధతిలోనే ఎక్కువగా ఉన్నది. ఒకసారి చెప్పి, పరీక్ష వ్రాయించి, ఆ పాఠాన్ని అంతటితో విడిచిపెట్టడం మన అలవాటు. ప్రతి తరగతి ఆరంభంలో అయిదు నిమిషాలు పుస్తకాలు మూయించి, గత వారం పాఠంలో ఒక ప్రశ్న, గత సంవత్సరం పాఠంలో ఒక ప్రశ్న అడగడానికి ఖర్చేమీ లేదు. ఈ అలవాటు ఉన్నత పాఠశాలలోనే మొదలైతే, ఇంజనీరింగు కళాశాలలో పునాదులు మళ్లీ త్రవ్వవలసిన అవసరం చాలవరకు తగ్గుతుంది.