పేరు మార్చుకోని వహీదా

మా అబ్బా ఆర్మూర్ పసుపు దుకాణాల్లో హమాలీ. ఒక సేటు ఆయన్ని ఎప్పుడూ ‘రాజూ’ అనే పిలిచేవాడు. అసలు పేరు పొడుగట, నోరు తిరగదట. ‘పోనీలే బేటా, కూలి సరిగ్గనే ఇస్తడు’ అనేవాడు అబ్బా. ఆయనకు వహీదా రెహమాన్ అంటే ప్రాణం. ఎందుకో చాలా ఏళ్లకు గాని నాకు అర్థం కాలేదు.

1955లో తాపీ చాణక్య తీసిన ‘రోజులు మారాయి’లో ఏరువాక పాటకు ఆడింది ఆమే. కొసరాజు మాటలు, మాస్టర్ వేణు బాణీ, జిక్కి గొంతు. చెంగల్పట్టులో పుట్టిన ముస్లిం పిల్ల తెలుగు రైతు పండుగకు రూపమైంది. ఆ పాటను అందరూ తమది చేసుకున్నారు, బాగానే ఉంది. ఆడిన పిల్ల ఎవరింటిదని ఎందరు అడిగారు? పసుపు తవ్వే, ఉడకబెట్టే చేతుల్లో మావీ ఉంటాయి. అదే పసుపు శుభకార్యానికి పోయేసరికి మేం పరాయివాళ్లం. మా పెళ్లిళ్లలోనూ మాంజా నాడు పసుపు పూస్తారని ఎందరికి తెలుసు?

ఆమె భరతనాట్యం నేర్చుకోవడానికి పోతే ముస్లిం పిల్లకు నేర్పనన్నాడట గురువు. తర్వాత జాతకం అడిగాడు. లేదంటే తనే రాసుకుని మరీ ఒప్పుకున్నాడు. ‘రోజులు మారాయి’ విజయంతోనే గురుదత్ కంట పడి బొంబాయి పోయింది. అక్కడ ‘సి.ఐ.డి.’ (1956) ఒప్పందం దగ్గర పేరు మార్చుకోమన్నారు. పొడుగు పేరు, ఆకర్షణ లేదు అన్నారు. మా సేటు చెప్పిందీ అలాంటి కారణమే కదా! యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యాడు, మహజబీన్ మీనాకుమారి అయింది, ముంతాజ్ మధుబాల అయింది. సొంత పేరుతో నిలిచిన సురయ్యాలాంటి వాళ్లు లేకపోలేదు గానీ, దారి మాత్రం అటే. అమ్మానాన్నలు పెట్టిన పేరు మార్చుకోనంది ఈ పిల్ల. మైనరు కాబట్టి సంతకం తల్లి పెట్టాల్సి వచ్చింది. నచ్చని దుస్తులు వేసుకోననే షరతు కూడా రాయించుకుంది.

అంతమాత్రాన తెర మారిందా? ‘ప్యాసా’ (1957)లో గులాబో, ‘గైడ్’ (1965)లో రోజీ గొప్ప పాత్రలే, నేను కాదనను. కానీ ముస్లిం స్త్రీగా కనిపించిన ‘చౌద్‌వీ కా చాంద్’ (1960) చూడండి. లక్నో హవేలీ, పరదా, పరదా వల్ల వచ్చిన పొరపాటు, షాయరీ. అందం ఉంది, ఆకలి లేదు. మా అమ్మీలాగా కొమ్ములు ఏరి, సాయంత్రానికి గోళ్లు పచ్చబడ్డ ముస్లిం ఆడది ఏ సినిమాలో ఉంది? తెలుగు సినిమా అయితే ఆ లక్నో దాకా కూడా పోలేదు. మన హైదరాబాదు తబస్సుమ్ ఫాతిమా 1991లో ‘కూలీ నంబర్ 1’లో కథానాయిక అయింది, టబు అనే రెండక్షరాల పేరుతో.

2023లో వహీదాకు దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు ప్రకటించారు. టీవీలో పేరు పూర్తిగా చదివారు. అబ్బా అప్పటికి లేడు. ‘రాజూ’ అంటే చివరిదాకా పలుకుతూనే పోయాడు.