గోగోల్ వదిలేసిన తుపాకి

మా అక్క కొడుకు అమెరికాలో స్థిరపడి ఇరవై ఏళ్లు దాటింది. అక్కడి పౌరుడు కూడా అయ్యాడు. ఆదివారం పొద్దున్న ఫోను చేస్తే ఈమధ్య కుశలప్రశ్నల కంటే ముందు వచ్చే మాట ఒక్కటే: ‘‘ఇంకా రాలేదు మావయ్యా!’’ రావలసింది ఒక పాత మిలటరీ రైఫిలు. పేరు ఎం-1 గరాండ్. 1936లో అమెరికా సైన్యం స్వీకరించినది, రెండో ప్రపంచ యుద్ధంలోనూ కొరియా యుద్ధంలోనూ వాడినది, నాలుగు కిలోల పైచిలుకు బరువుండేది. సైన్యానికి అక్కర్లేకుండా మిగిలిన ఈ రైఫిళ్లను పౌరులకు అమ్మడానికి అక్కడ సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అని ఒకటి ఉంది. 1996లో వాళ్ల కాంగ్రెసు చేసిన చట్టం వల్ల అది లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థ అయింది. పౌరసత్వానికి రుజువు, అనుబంధ క్లబ్బులో సభ్యత్వం, గురి సాధన చేసినట్టు ఒక కాగితం, డబ్బు, అన్నీ జతచేసి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ తర్వాత చేసేదేమీ లేదు, వాకిలి వైపు చూడడమే. వీడు నాలుగు నెలలుగా చూస్తున్నాడు. వేటకి వెళ్లేవాడా అంటే అదీ కాదు. కాగితం మీద గుండ్రటి గీతలకి గురిపెడతాడట.

పోస్టులో తుపాకి అనగానే ఆ దేశంలో ఒక చేదు జ్ఞాపకం ఉంది. 1963లో కెనెడీని చంపిన రైఫిలు ఇటలీ సైన్యం వదిలించుకున్న సరుకే. మారుపేరుతో చికాగో దుకాణానికి మనియార్డరు పంపితే పోస్టుబాక్సుకి వచ్చి పడింది. దుర్భిణీతో, పోస్టు ఖర్చుతో కలిపి 21 డాలర్ల 45 సెంట్లు. వారెన్ కమిషన్ నివేదికలో ఆ మనియార్డరు జాడ తీసిన పుటలు బ్యాంకు ఇన్‌స్పెక్షను చేసినవాళ్లెవరైనా ఆసక్తిగా చదువుతారు. 1968 చట్టం ఆ దారి మూసింది. మా వాడి దారి వేరు, తనిఖీలన్నీ అయ్యాకనే వస్తుంది. అయినా నేను నవ్వాను. ‘యాభై దగ్గరపడుతున్న మనిషివి, ఇదేం పిచ్చిరా’ అన్నాను. ఫోను పెట్టేశాక గోగోల్ గుర్తొచ్చాడు. ఇలాంటి సందర్భంలోనే నవ్వనివాడు ఆయన.

సంగతి పావెల్ అన్నెన్‌కొవ్ తన జ్ఞాపకాల్లో రాశాడు. 1834 ప్రాంతంలో పీటర్స్‌బర్గులో నలుగురు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఎవరో ఒక గుమాస్తా కథ చెప్పారు. పక్షుల వేటంటే ప్రాణం పెట్టే బీద గుమాస్తా. తిండి తగ్గించుకుని, అదనపు పనులు చేసి, సుమారు రెండు వందల రూబుళ్లు కూడబెట్టి లెపాజ్ రకం తుపాకి కొన్నాడు. మొట్టమొదటిసారి చిన్న పడవలో ఫిన్లాండ్ సింధుశాఖ మీదికి వెళ్లాడు. తుపాకిని పడవ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏదో పరవశంలో ఉన్నాడు. తేరుకుని చూస్తే తుపాకి లేదు. దట్టమైన రెల్లు లోంచి పడవ పోతుంటే ఆ రెల్లే నీళ్లలోకి లాగేసింది. వెతికి వెతికి ఇంటికొచ్చి మంచమెక్కాడు, జ్వరం. తోటి గుమాస్తాలు చందాలు వేసుకుని ఇంకో తుపాకి కొనిస్తే గాని బతకలేదు. విన్నవాళ్లందరూ నవ్వారు. గోగోల్ ఒక్కడే తల వంచుకుని ఆలోచనలో పడ్డాడట. 1842లో అచ్చయిన ‘ఓవర్‌కోటు’కి మొదటి బీజం అదేనంటాడు అన్నెన్‌కొవ్.

ఈ కథ మీద కావలసినంత విమర్శ వచ్చింది. మనమంతా ఆ కోటులోంచే వచ్చామన్న మాట దొస్తయేవ్‌స్కీది అవునా కాదా అన్న చర్చ ఒక పక్క. బీదవాడి మీద జాలికథ అన్న మామూలు మాట ఇంకోపక్క. జాలి కాదు, మాటల ధ్వనితో ఆడిన ఆట అని బోరిస్ ఐహెన్‌బౌమ్ 1919లో వాదించాడు. రష్యన్ రాని నాకు ఆ దారి లేదు. కామర్స్ చదివి ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో ఉన్నవాణ్ణి, నాకున్న దారి అంకెలే. కాబట్టి ముందు అకాకి అకాకియెవిచ్ లెక్కలు చూద్దాం.

జీతం ఏడాదికి 400 రూబుళ్లు. దర్జీ పెత్రోవిచ్ మొదట నూటయాభైకి పైనే అడుగుతాడు గాని 80కి కుడతాడని మనవాడికి తెలుసు. చేతిలో ఉన్నది 40. ఖర్చు పెట్టిన ప్రతి రూబులుకీ ఒక చిన్న నాణెం చొప్పున తాళం ఉన్న డబ్బాలో వేస్తూ కొన్నేళ్లలో కూడబెట్టినది. నేను చదివిన ఇంగ్లీషు అనువాదంలో ఆ నాణెం అర కోపెక్కు. రూబులుకి వంద కోపెక్కులు. జీతమంతా ఖర్చయినా ఏడాదికి రెండు రూబుళ్లే డబ్బాలో పడతాయి. నలభైకి ఇరవై ఏళ్లు కావాలి. ‘కొన్నేళ్లు’ అన్నదానికి పొంతన కుదరదు. గోగోల్ తప్పు చేశాడనుకున్నాను. తర్వాత తెలిసింది, మూలంలో ఉన్న మాట గ్రోష్ అని. వెండి రూబులు లెక్క వచ్చాక గ్రోష్ అంటే అర కోపెక్కే గాని, అంతకు ముందు పాత లెక్కలో రెండు కోపెక్కులు. అలా వేస్తే ఏడాదికి ఎనిమిది రూబుళ్లు, అయిదేళ్లకి సరిగ్గా నలభై! లెడ్జరు టాలీ అయిన రోజు కలిగే సంతోషం నాకు ఆ సాయంత్రం కలిగింది. అనువాదకుడి చేతిలో నాణెం మారితే ఒక మనిషి ఓపిక అయిదేళ్లది ఇరవై ఏళ్లయిపోతుంది.

మిగతా నలభై కోసం సాయంత్రం టీ మానేస్తాడు, కొవ్వొత్తి వెలిగించడు, జోళ్లు అరగకుండా మునివేళ్ల మీద నడుస్తాడు. మధ్యలో నలభయ్యో నలభై అయిదో అనుకున్న బోనసు అరవై వస్తుంది. ఇంకో రెండు మూడు నెలలకు డబ్బు కూడుతుంది. పెత్రోవిచ్ రెండు వారాల్లో కుట్టి తెస్తాడు. అంటే ఎదురుచూపు నెలల తరబడి. కోటు ఒంటిమీద ఉన్నది ఒక్క రోజు.

జాలికథ అనేవాళ్లు ఆ ఒక్క రోజు దగ్గరా, తర్వాత దొంగతనం దగ్గరా, ‘ముఖ్యమైన వ్యక్తి’ కేకల దగ్గరా ఆగిపోతారు. నన్నడిగితే కథకి గుండెకాయ ఆ నెలలు. ఆ నెలల్లోనే అకాకి మనిషవుతాడు. పెళ్లయినవాడిలా, పక్కన ఎవరో తోడున్నట్టు ఉంటాడు. నడకలో నిబ్బరం వస్తుంది, కళ్లు మెరుస్తాయి. కాలరుకి మార్టెన్ బొచ్చు వేయించుకుంటేనో అన్న సాహసం కూడా తోస్తుంది. ఎప్పుడూ తప్పు రాయనివాడు ఒకసారి తప్పు రాయబోయి ఉలిక్కిపడతాడు. ఇదేదీ అన్నెన్‌కొవ్ చెప్పిన ఉదంతంలో లేదు. అక్కడ ‘కూడబెట్టాడు, కొన్నాడు’తో సరి. తుపాకి కోరిక, కోటు అవసరం. తుపాకి పోతే లోకం నవ్వుతుంది, పీటర్స్‌బర్గు చలిలో కోటు పోతే నవ్వలేదు. అందుకని గోగోల్ వస్తువును మార్చాడు. కాని తుపాకి తాలూకు కోరికను వదులుకోలేదు, తీసుకొచ్చి కోటు అస్తరులో పెట్టి కుట్టేశాడు.

ఎదురుచూపు సంగతి మాబోటి బరంపురం తెలుగువాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. 1980లలో మా ఇంటికి తెలుగు పుస్తకం రావాలంటే వి.పి.పి.యే గతి. నాన్నగారు విజయవాడకి కార్డు రాసేవారు. బళ్లో ఒడియా, ఇంట్లో తెలుగు, మధ్యలో పోస్ట్‌మాన్. ‘వి.పి. వచ్చింది’ అనే కేక కోసం డబ్బు లెక్కపెట్టి గూట్లో పెట్టి ఉంచేవాళ్లం. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు చవక. ఆ అనువాదకుల్లో మా ఊళ్లోనే పుట్టిన ఉప్పల లక్ష్మణరావు గారు ఒకరని చాలా ఏళ్లకి తెలిసింది. పుస్తకం వచ్చాక రెండు రోజుల్లో అయిపోయేది. రాకముందు నెల రోజులు నేనూ నాన్నగారూ దాని గురించే మాట్లాడుకునేవాళ్లం. ఆయనతో నేను ఎక్కువ మాట్లాడినది ఆ నెలల్లోనే.

ఇక్కడే పెత్రోవిచ్ దగ్గరికి రావాలి. తాగుబోతు, ఒంటికన్ను, కాలి బొటనవేలి గోరు తాబేటి చిప్పలా ఉంటుంది. విమర్శకులు అతణ్ణి హాస్యపాత్ర కింద జమ కట్టేస్తారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. అకాకి నెలకొకసారైనా అతని దగ్గరికి వెళ్లి గుడ్డ ఎక్కడ కొనాలి, ఏ రంగు, ఎంతకి దొరుకుతుంది అని మాట్లాడి వస్తాడు. కుట్టడం మొదలుపెట్టలేదు, డబ్బు కూడలేదు, అయినా పెత్రోవిచ్ మాట్లాడతాడు. కోటు ఇచ్చిన రోజున వీధిలో నిలబడి చూసి, చాలదన్నట్టు సందుల్లోంచి పరిగెత్తుకెళ్లి ఎదురుగా వచ్చి ఇంకోసారి చూస్తాడు. కథ మొత్తంలో ఆ గుమాస్తాతో కలిసి ఎదురుచూసిన ప్రాణి అతనొక్కడే.

నేను పెత్రోవిచ్‌ని కాలేకపోయిన సందర్భం ఒకటుంది. అది చెప్పకుండా ఈ వ్యాసం రాసే హక్కు నాకు లేదనిపిస్తోంది. మా శాఖలో ఒక అటెండరు ఉండేవాడు. వీధి భజనలో పాడతాడు. కలకత్తా నుంచి సొంతంగా హార్మోనియం తెప్పించుకోవాలని రెండేళ్ల రికరింగ్ డిపాజిట్ కట్టాడు. అప్పుడు నేను లోన్ల సీట్లో ఉన్నాను. ‘అప్పు ఇస్తాను, వారంలో వచ్చేస్తుంది కదా’ అంటే, ‘‘తీరినదాకా అది బ్యాంకుదే కద బాబూ’’ అన్నాడు. ఆ రెండేళ్లూ ఫైలు తెచ్చిన ప్రతిసారీ రెండు వరసల రీడ్లని, టేకు పెట్టె అని ఏదో చెప్పబోయేవాడు. నేను కాగితాల్లోంచి తల ఎత్తకుండా ‘ఊఁ’ అనేవాణ్ణి. హార్మోనియం వచ్చింది. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటినప్పుడు వాళ్లింటి రేకులు లేచిపోయాయి. పెట్టె రాత్రంతా నానింది. చెక్క ఉబ్బి, రీడ్లు పాడైపోయాయి.

చందా కాగితం పట్టుకుని తిరిగింది నేనే. సరిగ్గా నెల ముందు మేనేజరు గారి బదిలీకి వెండి కంచం, శాలువా అయ్యాయి. అందరి జేబులూ అప్పటికే తేలిక. పదకొండు వందలు పోగయ్యాయి. హార్మోనియానికి ఏ మూలకీ చాలదు. అతను రేకులు కొనుక్కున్నాడు. ఇప్పుడు భజనలో తాళం వేస్తాడు.

ఆ తర్వాత ‘ఓవర్‌కోటు’ మళ్లీ చదివినప్పుడు, నేను ఇదివరకు గమనించని వాక్యం ఒకటి కళ్లకి తగిలింది. కోటు పోయాక ఆఫీసువాళ్లు చందా వేస్తారు. చాలా తక్కువ పోగవుతుంది. కారణం, అంతకుముందే డైరెక్టరు గారి చిత్రపటానికీ, సెక్షను అధికారి స్నేహితుడు రాసిన ఏదో పుస్తకానికీ ఖర్చు పెట్టుకున్నారు. డబ్బు చాలక ఒకాయన సలహా ఇస్తాడు, ఫలానా ముఖ్యమైన వ్యక్తిని కలవమని. ఆ సలహాయే అకాకి ప్రాణం తీస్తుంది. అన్నెన్‌కొవ్ ఉదంతంలో చందా మనిషిని బతికించింది, గోగోల్ అదే చందాను చిల్లర చేశాడు. రెల్లు గడ్డి చేసిన పనిని మీసాల దొంగలకి అప్పజెప్పాడు. 1846లో వచ్చిన దొస్తయేవ్‌స్కీ ‘పేదజనం’లో దేవుష్కిన్ అనే గుమాస్తా ఈ కథ చదివి కోపగించుకుంటాడు: ఆ కోటు దొరికినట్టు, జీతం పెరిగినట్టు రాస్తే ఏం పోయింది అని. గుమాస్తాగా నాకూ ఆ కోపం ఉండేది. చందా కాగితం పట్టుకున్న చేత్తో మాత్రం ఆ కోపం పడలేను.

చివర దెయ్యం మీద నాకంత గౌరవం లేదు. గోగోల్ మొదట పెట్టుకున్న పేరే కోట్లు లాక్కునే గుమాస్తా కథ అట, కాబట్టి అతికించిన ముక్క అనలేం. అయినా అధికారి భుజం మీది కోటు లాగేసి లెక్క సరిచేయడం, సంవత్సరాంతంలో సర్దుబాటు ఎంట్రీ వేసినట్టుంటుంది.

మొన్న ఆదివారం మళ్లీ ఫోను. ‘‘ఇంకా రాలేదు మావయ్యా!’’ ఈసారి నేను నవ్వలేదు. మడమ చెక్క ఏ చెట్టుదిరా అని అడిగాను. వాల్‌నట్ అన్నాడు, ఒక్కోదానికి రంగు ఒక్కోలా ఉంటుందట, ఏది వస్తుందో వాళ్లు చెప్పరట. పాత నూనె మరకలు ఉంటే తుడవాలా ఉంచాలా అన్నది ఇంకా తేల్చుకోలేదట. నలభై నిమిషాలు మాట్లాడాడు. మా అక్క గురించి అడగడం ఇద్దరం మరిచిపోయాం.