మనశ్శాస్త్ర పరిశోధన పరిభాష: లక్షణ విమర్శము

ఒక శాస్త్రము దేశభాషలోనికి దిగునప్పుడు దాని పదములకు ద్వితీయ జన్మము కలుగును. లోకవ్యవహారమున నొక యర్థము, శాస్త్రమున వేఱొక యర్థము నేర్పడును. ఈ రెండింటి భేదమును గుర్తింపని పాఠకుడు పదము తెలియుటచేతనే శాస్త్రము తెలిసినట్లు భ్రమించును. మనశ్శాస్త్ర పరిశోధన పద్ధతుల పరిభాష యిందుకు మంచి నిదర్శనము.

1879లో లైప్జిగ్ నగరమున విల్హెల్మ్ వుంట్ ప్రయోగశాలను నెలకొల్పినది మొదలు ఈ శాస్త్రము ప్రయోగశాస్త్రముగా బరిగణింపబడుచున్నది. భారతదేశమున 1916లో కలకత్తా విశ్వవిద్యాలయమునందు దీనికి ప్రత్యేక శాఖ యేర్పడెను. తెలుగున 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి గ్రంథములును, ఉపాధ్యాయ శిక్షణ గ్రంథములును దీని పదములను వ్యాప్తికి దెచ్చినవి. ఆ పదములు సంస్కృతమయములు, సుబోధములవలె దోచునవి. చిక్కు అచ్చటనే యున్నది.

సిద్ధిపేట జిల్లా రాయపోల్ మండలములోని బడులలో నొక యుపాధ్యాయుడు, పద్యమును వల్లెవేయుట మేలా, వ్రాయుట మేలా యని పరీక్షింపదలచెననుకొనుడు. అభ్యాసపద్ధతి యిందు స్వతంత్ర చరము. మఱునాడు బాలురకు జ్ఞప్తిలో నిలిచిన పాదముల సంఖ్య పరతంత్ర చరము. స్వతంత్రమనగా దనయిచ్చ వచ్చినట్లు వర్తించునదని పండితుడు తలచును. వాస్తవమున నది ప్రయోక్త యధీనమున నుండి యతడు మార్చినట్లు మాఱునది. ఫలముపై నాధారపడదనుటయే యిచ్చటి స్వాతంత్ర్యము.

యాదృచ్ఛిక ప్రతిచయనము మఱింత మోసకారి. యదృచ్ఛయనగా దైవికముగా దటస్థించుట. బడివాకిట కనబడిన నలువది మందిని బిలుచుట యాదృచ్ఛికమని తోచును గాని, శాస్త్రదృష్టి నది కాదు. మండలములోని బాలబాలికలందఱి పేళ్లును వ్రాసి, ప్రతి పేరునకును సమానావకాశ ముండునట్లు చీట్లు తీయవలయును. ఇచ్చటి యాదృచ్ఛికత నియమబద్ధమైనది.

విశ్వసనీయత, సప్రమాణత యను జంట పదములు తఱచు పర్యాయములుగా వాడబడుచున్నవి. ప్రతిసారియు బది తులములు తక్కువ తూచు దొంగత్రాసునకు విశ్వసనీయత కలదు; ఏలయన, ఫలము మాఱదు. సప్రమాణత మాత్రము లేదు. ఏలయన, తూచవలసినదానిని సరిగా దూచదు. లోకము విశ్వసింపరాదనుదానిని శాస్త్రము విశ్వసనీయమనుట వింత గదా! పట్టణ బాలుర కొఱకు రచింపబడిన బుద్ధిపరీక్షను బల్లె బాలునిపై నెన్నిమారులు ప్రయోగించినను నొకే సంఖ్య రావచ్చును. అంతమాత్రమున నతడు మందబుద్ధి యనుట యన్యాయము. పదభ్రమ యిచ్చట నొక బాలుని భవిష్యత్తునకు ముప్పు దెచ్చును.

మన తర్కశాస్త్రము ఈ సందర్భమున గొంత తోడ్పడగలదు. తర్కసంగ్రహకర్తయగు నన్నంభట్టు ఆంధ్రుడు. నిప్పును బట్టి పొగను సాధింపబోవువానికి దడికట్టెల సంయోగ ముపాధి యని నైయాయికులు చూపుదురు. అట్లే వల్లెవేసిన బాలు రిండ్లయందు బద్యములు వినుచు బెరిగినవారైనచో, ఫలమునకు హేతువు అభ్యాసపద్ధతియా, యింటి సంస్కారమా యని తేలదు. వల్లెవేయువారి సమూహమునకు దోడు అన్ని విధముల సమానమైన నియంత్రిత సమూహ ముండవలయుననుట అన్వయవ్యతిరేక పరీక్షయే. ఐనను నీ సామ్యమును మితిమీఱి సాగింపరాదు. ఉపాధి సాధ్యమున్న యెల్లచోట్ల నుండవలయును. ప్రయోగమును గలచు చరమున కట్టి నియమము లేదు. అది చరముల రెంటితోను గలసియుండుటయే చాలును. ప్రాచీనపదమును యథాతథముగా దెచ్చిపెట్టినచో క్రొత్త భ్రమ పుట్టును.

కావున బదములను మార్చుటకంటె వానికి లక్షణములు చెప్పుట ముఖ్యము. అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవములను దోషత్రయము లేకుండ లక్షణము చెప్పి, ఉదాహరణమును, దానివెంట ప్రత్యుదాహరణమును జూపుట మన పండితులకు గొత్త గాదు. పాఠ్యగ్రంథములం దనేకములు పదమునకు బదము నిచ్చి విరమించుచున్నవి. దొంగత్రాసు వంటి యొక ప్రత్యుదాహరణము పది పర్యాయపదములు చేయలేని పనిని జేయును.